కంప్యూటర్‌ను సంజాయిషీ అడిగే న్యాయవాది

హోసూరు, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో మనిషి పేరు ఒకటే అయినా కాగితాలలో అది ఒకే తీరుగా ఉండదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగు ధ్వనులకూ ఒకే అక్షరం. ప, ఫ, బ, భ లకూ అంతే. కనుక ఇంట్లో అందరూ భాగ్యమ్మ అని పిలిచే స్త్రీ రేషన్ కార్డులో పాక్కియమ్మ కావచ్చు. ఆ తమిళ రూపాన్ని ఆంగ్లంలోకి మార్చినప్పుడు అది ఇంకొక రూపం పొందవచ్చు. కుప్పం వైపు పుట్టింటివారి పత్రాలలో పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. ఇక్కడి పత్రాలలో తండ్రి లేక భర్త పేరులోని తొలి అక్షరం మాత్రమే ఉంటుంది.

ఆ కుటుంబాన్ని తరతరాలుగా ఎరిగిన ఊరివారికి ఈ తేడాలు ఒక సమస్య కావు. ఆధార్, పట్టా, బ్యాంకు పాసుపుస్తకం చూపితే "వీరంతా ఒకరే" అని వీఏవో గ్రహించగలడు. కాని పత్రాలను పోల్చే పని మనిషి చేతి నుండి కంప్యూటర్‌కు మారినప్పుడు పరిస్థితి వేరు. రెండు పేర్లు ఒకే మనిషివని గాని, ఇద్దరు వేర్వేరు మనుషులవని గాని అది క్షణంలో తేల్చివేస్తుంది. ఆ తీర్పు తప్పయితే బియ్యం ఆగిపోతుంది, పింఛను ఆగిపోతుంది, బ్యాంకు అప్పు నిరాకరణకు గురవుతుంది. కారణం అడిగితే "సిస్టం ఒప్పుకోవడం లేదు" అనే సమాధానమే వినిపిస్తుంది.

ఆ సమాధానంతో సరిపెట్టుకోకుండా, ఏ సమాచారం ఆధారంగా, ఏ నియమం ప్రకారం, ఎవరి బాధ్యత మీద ఆ నిర్ణయం జరిగిందో చెప్పమని చట్టబద్ధంగా అడిగే వృత్తి ఒకటి ఇటీవలి సంవత్సరాలలో రూపుదిద్దుకుంది. వ్యక్తిగత సమాచార పరిరక్షణ, కృత్రిమ మేధ నియంత్రణ అనే రెండు రంగాలలో పనిచేసే సాంకేతిక న్యాయవాది వృత్తి అది. బెంగళూరుకు అతి చేరువలో ఉన్న ఈ ప్రాంతపు కుటుంబాలు తమ పిల్లల చదువు గురించి ఆలోచించేటప్పుడు తెలుసుకోదగిన వృత్తి ఇది. పిల్లల సంగతి అలా ఉంచినా, తమ హక్కుల కోసమైనా దీని స్వరూపం తెలియడం అవసరం.

ఏమిటీ వృత్తి?

న్యాయవాది అనగానే నల్లకోటు, కోర్టు వరండా, భూమి తగాదా గుర్తుకు వస్తాయి. సాంకేతిక న్యాయవాది పనిలో కోర్టు ఒక భాగం మాత్రమే. ఆసుపత్రి, బ్యాంకు, ఫోను కంపెనీ, కర్మాగారం, ప్రభుత్వ శాఖ ఇలా ప్రతి సంస్థ వద్దా నేడు ప్రజల వివరాలు గుట్టలుగా చేరుతున్నాయి. ఆ వివరాలు ఎందుకు తీసుకున్నారు, ఎవరికి ఇచ్చారు, ఎంతకాలం ఉంచుకుంటారు, దొంగల పాలైతే ఎవరికి చెప్పాలి అనే విషయాలను చట్టానికి అనుగుణంగా తీర్చిదిద్దడం ఈ న్యాయవాది మొదటి బాధ్యత. దానినే సమాచార పరిరక్షణ అంటారు.

రెండవ బాధ్యత కృత్రిమ మేధకు సంబంధించినది. పాత అనుభవాల నుండి పోలికలు నేర్చుకుని, కొత్త సందర్భంలో అంచనా వేసే కంప్యూటర్ పద్ధతినే కృత్రిమ మేధ అంటున్నారు. ఎవరికి అప్పు ఇవ్వవచ్చు, ఏ దరఖాస్తు అనుమానాస్పదం, ఏ ముఖం ఎవరిది అనే అంచనాలను నేడు దీనికి అప్పగిస్తున్నారు. అటువంటి సాధనాన్ని వాడుకలోకి తేవడానికి ముందే దానిని పరీక్షించాలి. ఏ వర్గం ప్రజల విషయంలో అది ఎక్కువగా తప్పుతున్నదో చూడాలి. తప్పు జరిగితే సరిదిద్దే మనిషి ఎవరో ముందుగానే నిర్ణయించాలి. ఇంజనీరు యంత్రాన్ని నిర్మిస్తాడు. ఆ యంత్రం చేసే పనికి సంస్థను జవాబుదారీగా నిలబెట్టే కట్టుబాట్లను న్యాయవాది నిర్మిస్తాడు.

రేషన్ కార్డులు నేర్పిన పాఠం

ఈ కట్టుబాట్లు లేకపోతే ఏమవుతుందో తెలంగాణలో కనిపించింది. అక్కడి ప్రభుత్వం "సమగ్ర వేదిక" పేరుతో పలు శాఖల సమాచారాన్ని ఒకచోట కలిపే వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నది. ఒకే వ్యక్తి వివరాలు వేర్వేరు శాఖలలో వేర్వేరు విధాలుగా నమోదై ఉన్నా, పేర్లు, చిరునామాల పోలికను బట్టి అవన్నీ ఒకరివేనని గుర్తించడం దాని పని. కారు, భూమి, ఉద్యోగం ఉన్నవారు పేదల రేషన్ కార్డు పొందకుండా చూడాలన్నది దాని ఉద్దేశాలలో ఒకటి. ఉద్దేశం మంచిదే. కాని పోలికలో పొరపాటు జరిగితే పేదవాని తలపై ధనవంతుని కారు వచ్చి పడుతుంది. హైదరాబాదులో ఒక పేద స్త్రీ భర్త పేరు, కారు ఉన్న మరొకరి పేరుతో పాక్షికంగా కలిసినందున ఆమెకు కార్డు దక్కని ఉదంతం 2024లో వెలువడిన పాత్రికేయ పరిశోధనలో బయటపడింది.

2014, 2019 సంవత్సరాల మధ్య తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు ముందస్తు నోటీసు లేకుండా రద్దయ్యాయని ఆ పరిశోధన తెలిపింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దులను సవాలు చేస్తూ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో, అంటే ఇంటింటికీ వెళ్లి, తిరిగి పరిశీలించమని ఆదేశించింది. 2022 జూలై నాటికి పరిశీలన పూర్తయిన సుమారు 2.05 లక్షల దరఖాస్తులలో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. నూటికి ఏడున్నర వంతు! కంప్యూటర్ తెర మీద అది చిన్న సంఖ్య. పదిహేను వేల పొయ్యిలకు అది నెలనెలా అందవలసిన బియ్యం.

ఈ వ్యవహారంలో గమనించవలసినది యంత్రం తప్పు చేసిందన్న విషయం ఒక్కటే కాదు. గుమాస్తాలూ తప్పులు చేస్తారు. కాని కార్డు రద్దు చేసే ముందు నోటీసు ఇచ్చి, కారణం చెప్పి, ఆ కుటుంబం మాట వినివుంటే ఆ తప్పులలో చాలా భాగం అక్కడికక్కడే సరిదిద్దబడేవి. నోటీసు, కారణం, విచారణ అనేవి న్యాయశాస్త్రంలో అతి పాత సూత్రాలు. వాటిని కొత్త యంత్రాలకు వర్తింపజేయడమే సాంకేతిక న్యాయవాది పనిలోని సారం.

ధనిక దేశాలు కూడా ఈ దెబ్బ తిన్నాయి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం పొందుతున్న వేలాది తల్లిదండ్రులను పన్నుల శాఖ అన్యాయంగా మోసగాళ్లుగా ముద్రవేసి, ఇచ్చిన సొమ్ము తిరిగి కట్టమన్నది. అనుమానితులను ఎంపిక చేయడంలో కంప్యూటర్ లెక్కలకూ పాత్ర ఉన్నదని తేలింది. ఆ వ్యవహారం మీద 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసింది.

తెలుగు న్యాయమూర్తులు వేసిన బాట

గోప్యత హక్కు విదేశాల నుండి దిగుమతి అయిన భావన అని కొందరు అనుకుంటారు. మన దేశంలో ఆ హక్కు రూపుదిద్దుకున్న చరిత్రను చూస్తే అడుగడుగునా తెలుగువారి చేతివ్రాత కనిపిస్తుంది.

1962లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన అతని ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టేవారు. అతని రాకపోకల మీద నిఘా ఉంచారు. రాత్రిపూట ఇంటికి వెళ్లడం చెల్లదన్న మెజారిటీ న్యాయమూర్తులు, గోప్యత మాత్రం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. రాజమండ్రిలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి ఆ అభిప్రాయంతో విభేదించారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, నిఘా మొత్తంగా రాజ్యాంగ విరుద్ధమనీ ఆయన నిర్ణయించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినవారు సుబ్బారావు. ఆనాడు ఆయనది మైనారిటీ తీర్పు. అర్ధశతాబ్దం గడచిన తరువాత అదే దేశానికి శాసనమైంది.

1994లో తమిళనాడుకు సంబంధించిన కేసు వచ్చింది. మరణశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక ప్రచురించబూనగా అధికారులు అడ్డుపడ్డారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాశారు. తన మానాన తాను ఉండే హక్కు పౌరునికి ఉన్నదనీ, వివాహం, కుటుంబం, సంతానం, చదువు వంటి విషయాలను అతని అనుమతి లేకుండా ప్రచురించరాదనీ ఆ తీర్పు పేర్కొన్నది. అదే సమయంలో ప్రజా రికార్డులలో ఉన్న సంగతులను రాయకుండా పత్రికను ముందుగా ఆపే అధికారం ప్రభుత్వానికి లేదన్నది.

2004 నాటి కేసు హైదరాబాదుది. బ్యాంకులలో ఖాతాదారులు ఉంచిన పత్రాలను కలెక్టరు అధికారం ఇచ్చిన ఎవరైనా తనిఖీ చేసి తీసుకుపోవచ్చునంటూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టానికి సవరణ చేసింది. కెనరా బ్యాంకు వాదించిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు సవరణను కొట్టివేసింది. పత్రాన్ని బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన మనిషి దాని మీద గోప్యతను వదులుకున్నట్లు కాదని తేల్చింది. నేడు ఫోనులోని యాప్‌కు ఇచ్చిన వివరాల విషయంలో న్యాయవాదులు వాదిస్తున్నది సరిగ్గా ఇదే సూత్రాన్ని.

చివరి మలుపు ఆధార్ వ్యాజ్యం. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో, తన 86వ ఏట, ఆధార్ పథకాన్ని సవాలు చేశారు. అసలు గోప్యత ప్రాథమిక హక్కా కాదా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించిన 2015 నాటి బెంచికి నాయకత్వం వహించినవారు జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. వారిలో చలమేశ్వర్ కూడా ఉన్నారు, తన తీర్పును విడిగా రాశారు. కృష్ణా జిల్లా పెదముత్తేవి గ్రామంలో పుట్టి, మచిలీపట్నంలో బడి చదువు, మద్రాసు లయోలా కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయవిద్య అభ్యసించినవారు ఆయన. సైన్సు చదివిన విద్యార్థి న్యాయరంగానికి పనికిరాడనే అపోహకు ఇది చక్కని సమాధానం.

ఆధార్ పథకం పూర్తిగా రద్దు కాలేదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్ వాడకాన్ని సమర్థించి, ప్రైవేటు కంపెనీలు దానిని తప్పనిసరిగా కోరడాన్ని చెల్లదన్నది.

కొత్త చట్టంలో తెలుగుకు చోటు

2017 తీర్పు తరువాత జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ముసాయిదా సమర్పించింది. 2019లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లు 2022లో ఉపసంహరణకు గురైంది. చివరకు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు. ఆ ప్రకటన ప్రకారం ప్రజల హక్కులకు, సంస్థల బాధ్యతలకు సంబంధించిన ప్రధాన భాగాలు 18 నెలల తరువాత అమలులోకి వస్తాయి.

సరిహద్దు కుటుంబాలు ఈ చట్టంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన అంశం ఒకటున్నది. ఒకరి వివరాలు తీసుకోవడానికి సమ్మతి కోరే సంస్థ, ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నదో తెలిపే నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22 భాషలలో తెలుగు ఒకటి. ఈ హక్కు రాష్ట్రం సరిహద్దును బట్టి మారదు. విజయవాడలో ఉన్న తెలుగువారికి ఎంత ఉన్నదో, బాగలూరులో, బేరికెలో ఉన్న తెలుగువారికీ అంతే ఉన్నది. బడిలో, కార్యాలయంలో తల్లిభాషకు చోటు కోసం ఏళ్ల తరబడి పోరాడుతున్న ప్రాంతానికి ఇది చిన్న సంగతి కాదు. అయితే అడిగేవారు లేకపోతే ఆ నోటీసు కాగితం మీదనే మిగిలిపోతుంది.

తన గురించి ఏ వివరాలు ఉన్నాయో తెలుసుకునే హక్కు, తప్పులను సరిదిద్దించుకునే హక్కు, అవసరం తీరిన వివరాలను తొలగించమని కోరే హక్కు ఈ చట్టంలో ఉన్నాయి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. భద్రతా ఏర్పాట్లలో నిర్లక్ష్యం వహించిన సంస్థకు రూ. 250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది, నష్టపోయిన కుటుంబానికి ఈ చట్టం కింద పరిహారం లేదు. సబ్సిడీలు, సంక్షేమ పథకాల కోసం ప్రభుత్వం కొన్ని సందర్భాలలో మళ్లీ సమ్మతి కోరకుండానే వివరాలు వాడుకోవచ్చు. దేశ భద్రత వంటి కారణాలతో కొన్ని ప్రభుత్వ సంస్థలకు చట్టం నుండి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉన్నది. ఈ మినహాయింపులకు హద్దులు ఎక్కడ అన్నది రానున్న కాలంలో న్యాయస్థానాలు తేల్చవలసిన ప్రశ్న. రేపటి న్యాయవాదులకు పని మిగిలి ఉన్నది ఇక్కడే.

కృత్రిమ మేధకు కళ్లెం

కృత్రిమ మేధ కోసమే ప్రత్యేకంగా మన దేశం చట్టం చేయలేదు. 2025 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. విశ్వాసం, ప్రజలకు ప్రాధాన్యం, న్యాయం, జవాబుదారీతనం, అర్థమయ్యే తీరు మొదలైన ఏడు సూత్రాలను అవి పేర్కొన్నాయి. ఉన్న చట్టాలతోనే ప్రస్తుతానికి చాలా సమస్యలను ఎదుర్కోవచ్చునని వాటి వైఖరి. ఐరోపా సమాఖ్య వేరొక దారి పట్టింది. 2024 ఆగస్టులో అమలు మొదలైన అక్కడి చట్టం, ప్రమాద తీవ్రతను బట్టి సాధనాలను వర్గాలుగా విభజించి, కొన్నింటిని పూర్తిగా నిషేధించింది. ఐరోపాకు సేవలు అమ్మే బెంగళూరు కంపెనీలు ఆ చట్టాన్ని కూడా పాటించక తప్పదు. అందువల్ల అక్కడి చట్టం తెలిసిన న్యాయవాదులు ఇక్కడ కావలసివస్తున్నారు.

ముఖాన్ని గుర్తించే కెమెరాల సంగతి మరొక ఉదాహరణ. 2021 లాక్‌డౌన్ కాలంలో హైదరాబాదు పోలీసులు వీధిలో ఆపి, మాస్కు తీయమని చెప్పి, తన ఫోటో తీశారని పైన పేర్కొన్న మసూద్ అభ్యంతరం తెలిపారు. ఏ చట్టం ప్రకారం ఈ సాంకేతికతను వాడుతున్నారని ప్రశ్నిస్తూ ఆయన వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది.

కంపెనీలో ఉన్న న్యాయవాది దినచర్య ఇంత ఆర్భాటంగా ఉండదు. ఉదాహరణకు ఒక బ్యాంకు, అప్పు దరఖాస్తులను వడపోసే కొత్త సాధనాన్ని కొనదలచినదనుకుందాం. న్యాయవాది ముందుగా అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఈ సాధనం ఎవరి పాత వివరాలతో నేర్చుకున్నది? ఆ వివరాలను వాడుకునే హక్కు అమ్మకందారుకు ఉన్నదా? పేరులో అక్షరం మారితే ఏం చేస్తుంది? పల్లె చిరునామాను నష్టభయంగా లెక్కిస్తున్నదా? నిరాకరించిన దరఖాస్తును తిరిగి చూసే అధికారి ఎవరు? కారణాన్ని ఖాతాదారుకు ఏ భాషలో చెబుతారు? వీటికి సమాధానాలు రాబట్టి ఒప్పందంలో రాయించడం, పరీక్షల ఫలితాలను భద్రపరచడం, లోపం కనిపిస్తే సాధనాన్ని ఆపమని యాజమాన్యానికి చెప్పగలగడం ఈ ఉద్యోగం. చివరిదానికి చదువుతో పాటు ధైర్యమూ కావాలి.

పేర్ల తమిళ రూపం, తెలుగు రూపం, కన్నడ రూపం ఎలా మారుతాయో పుస్తకం చదవకుండానే తెలిసిన సరిహద్దు విద్యార్థికి, పై ప్రశ్నలలో మూడవది సహజంగానే తడుతుంది. మూడు భాషల మధ్య పెరగడం ఇంతకాలం ఒక భారంగా కనిపించింది. ఈ వృత్తిలో అది అర్హత.

చదువు, మార్గాలు

హోసూరు సమీపంలోని తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి బెంగళూరులోను మద్రాసులోను చదివి, సేలంలో న్యాయవాదిగా స్థిరపడి, స్వతంత్ర భారత గవర్నర్ జనరల్ పదవిని అధిష్ఠించారు. నేటి విద్యార్థికి ఆనాటికంటే దారులు ఎక్కువ.

ప్లస్ టూ తరువాత అయిదేళ్ల న్యాయవిద్యలో చేరవచ్చు. ప్లస్ టూలో ఏ గ్రూపు చదివినా ఫరవాలేదు. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్, హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, తిరుచిరాపల్లిలోని తమిళనాడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటివాటిలో ప్రవేశానికి క్లాట్ అనే జాతీయ పరీక్ష ఉన్నది. రెండు గంటల ఈ పరీక్ష ఆంగ్లంలోనే జరుగుతుంది. సాధారణ వర్గాలకు ప్లస్ టూలో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు కావాలి. చదివి అర్థం చేసుకునే శక్తిని ఇది ప్రధానంగా పరీక్షిస్తుంది కనుక, తొమ్మిదవ తరగతి నుండే రోజూ ఆంగ్ల దినపత్రిక చదివే అలవాటు మేలు చేస్తుంది.

జాతీయ విశ్వవిద్యాలయాల ఫీజులు సామాన్య కుటుంబాలకు భారమే. ప్రభుత్వ న్యాయ కళాశాలలు ధర్మపురిలోను సేలంలోను ఉన్నాయి. తమిళనాడు డాక్టర్ అంబేద్కర్ న్యాయ విశ్వవిద్యాలయం ద్వారా వీటిలో ప్రవేశం మార్కుల ఆధారంగా లభిస్తుంది. డిగ్రీ పూర్తి చేసినవారికి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉన్నది. ఇంజనీరింగ్ లేక బీసీఏ చదివి హోసూరు పారిశ్రామికవాడలో పనిచేస్తున్న యువతీయువకులు ఈ మార్గంలో వస్తే యంత్రం లోపలి సంగతీ తెలుస్తుంది, చట్టమూ తెలుస్తుంది. అటువంటివారు ఈ రంగానికి మరింత అవసరం.

పట్టా తరువాత బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. పూర్వం దీనికి వేల రూపాయలు వసూలు చేసేవారు. చట్టంలో ఉన్న మొత్తాన్ని, అంటే సాధారణ వర్గాలకు రూ. 750, ఎస్సీ, ఎస్టీలకు రూ. 125, మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు చెప్పింది. నమోదు తరువాత అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి.

ప్రత్యేక నైపుణ్యం ఆ తరువాతి మెట్టు. న్యాయవాద సంస్థలలో, కంపెనీల న్యాయ విభాగాలలో, విధాన పరిశోధన సంస్థలలో శిక్షణార్థిగా చేరి పని నేర్చుకోవాలి. కేంద్రం ప్రత్యేకంగా గుర్తించే పెద్ద సంస్థలు భారతదేశంలోనే ఉండే సమాచార పరిరక్షణ అధికారిని నియమించుకోవాలని 2023 చట్టం చెబుతున్నది. స్వతంత్ర ఆడిటరు చేత తనిఖీ చేయించాలని కూడా చెబుతున్నది. ఈ నియమాలు అమలుకు వచ్చేకొద్దీ ఉద్యోగాలు ఏర్పడతాయి. కాని తొలి మూడు నాలుగేళ్లు సంపాదన తక్కువగా, శ్రమ ఎక్కువగా ఉండడం న్యాయవృత్తిలో సాధారణం. తల్లిదండ్రులు ఆ సంగతి తెలిసి పిల్లలను పంపడం మంచిది.

నేడే చేయదగిన పనులు

న్యాయవాది తయారయ్యేవరకు కుటుంబాలు వేచి ఉండనవసరం లేదు. ఇంట్లో ప్రతి ఒక్కరి ఆధార్, కుటుంబ కార్డు, పట్టా, బ్యాంకు పుస్తకం, బడి ధ్రువపత్రాలను ఒకచోట పెట్టి, పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేక భర్త పేరు ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో రాసుకోవాలి. అవసరం ముంచుకురాకముందే వాటిని ఒకే రూపానికి తెచ్చుకోవడం మేలు. ఏ పథకమైనా ఆగిపోతే నోటిమాటతో సరిపెట్టుకోకుండా, కారణాన్ని రాతపూర్వకంగా కోరుతూ అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

అప్పు ఇచ్చే యాప్ ఫోనులోని పరిచయస్తుల నంబర్లు, ఫైళ్లు చూడటానికి అనుమతి కోరితే నిరాకరించాలి. అటువంటి యాప్‌లు వాటి జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిర్దేశించింది. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు తెలపాలి. న్యాయ సహాయం కోసం 15100 నంబరు ఉన్నది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉన్నది. ఈ సంగతి తెలియక ఎందరో అర్హులు ఇంటి వద్దనే ఉండిపోతున్నారు.

రాత్రివేళ తలుపు తట్టిన పోలీసును అడ్డుకోవడానికి ఒక సామాన్యుడు కోర్టుకు వెళ్లినందువల్లనే 1962లో సుబ్బారావు తన తీర్పు రాయగలిగారు. రద్దయిన కార్డులను ప్రశ్నించినవారు ఉన్నందువల్లనే 15,471 కుటుంబాల అర్హత తిరిగి వెలుగులోకి వచ్చింది. కంప్యూటర్ "కాదు" అన్నప్పుడు "ఎందుకు?" అని అడగడం పౌరుల వంతు. ఆ ప్రశ్నకు సంస్థ చేత సమాధానం చెప్పించడం న్యాయవాది వంతు. పాక్కియమ్మ, భాగ్యమ్మ ఒకరేనని యంత్రానికి నేర్పవలసినవారు ఈ నేల మీద పుట్టినవారైతే ఆ పని మరింత బాగా జరుగుతుంది.